పేరు చెప్పని ఫోన్లు

మా ఆఫీసుకు ఫోను చేసేవాళ్ళు పేరు చెప్పరు. అదొక జబ్బని, దానికి మందు కనిపెట్టాలని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

నెల్లూరు జిల్లా కోట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని ఆఫీసులో నా ఉద్యోగం. లెక్కలు చూడడానికని చేరాను గాని, ఆర్డర్లు తీసుకోవడం, బండ్లు పంపడం, దారిలో టీ కొట్టు దగ్గర పాతుకుపోయిన డ్రైవర్లను లేపడం కూడా నా నెత్తినే పడ్డాయి. మా చుట్టూ ఉన్నవన్నీ రొయ్యల గుంటలు. పట్టుబడి రోజు, అంటే పంట తీసే రోజు, వల దించి రొయ్యను బయటికి తీశాక అది వెంటనే ఐసులో పడాలి. ఆలస్యమైతే మెత్తబడుతుంది, కొనడానికి వచ్చిన కంపెనీ మనిషి మొహం చిట్లించి రేటు కోసేస్తాడు. నెలల తరబడి కంటికి రెప్పలా కాచిన పంట ఒక్క పూటలో పోతుంది. అందుకే మాకు వచ్చే ప్రతి ఫోనూ తొందరలో ఉన్న మనిషి చేసేదే. అంత తొందరలో ఉన్న మనిషి ముందుగా తానెవరో చెప్పాలి కదా. అదొక్కటే చెప్పరు.

"హలో."

"ఆఁ, నేనే. బండి పంపీమ్మా."

"ఎవరండీ?"

"నేనే."

"నేనంటే ఎవరు?"

అటువైపు నుంచి గుంటలో నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు, ఎవరో ఎవరినో తిడుతున్న కేక వినబడుతుంటాయి. తర్వాత నొచ్చుకున్న గొంతుతో, "ఏం మే, గొంతు గూడా మర్చిపోయినావా?" అని వస్తుంది.

మా వైపు పేరు అడగడమంటే నువ్వు నాకు తెలియదనడమే. ఫోనులో పేరు చెప్పుకునేది బ్యాంకువాళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళు. మన మనిషయితే గొంతు విని పోల్చుకోవాలి. ఎవరని అడిగామా, పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టు బాధపడిపోతారు. ఇంతమంది గొంతులు గుర్తు పెట్టుకోవడానికి నేనేం మనిషినా, రికార్డింగు మిషనునా? పేరు చెబితే వీళ్ళ నోటి ముత్యాలు రాలిపోతాయా? ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఈ మాట పైకే అనేదాన్ని. పక్క గదిలో ఐసు దిమ్మలు దింపేవాళ్ళు విని నవ్వేవాళ్ళు.

వీళ్ళందరిలో నన్ను ఎక్కువగా వేపుకుతిన్నది చిట్టమూరు వైపు నుంచి ఫోను చేసే ఒక పెద్దాయన. వరి పండే పొలానికి ఉప్పునీళ్ళు ఎక్కి, చేసేది లేక రొయ్యల్లోకి దిగిన మనిషి. ఉప్పు కాలవ పక్కన ఆయనకు రెండు గుంటలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన ఫోను చేస్తే అందరినీ అడిగినట్టే ఎవరండీ అని అడిగాను.

"మీ ఐసు ఆఫీసుకు నేను కొత్తోడినా? పేరు, నాయన పేరు చెప్పుకునేదానికి ఇదేమన్నా ఎమ్మార్వో ఆఫీసా?" అని ఫోను పెట్టేశాడు.

గంట తిరక్కుండా మోపెడ్ వేసుకుని ఆఫీసుకే వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇదిగో, నేను. మొహం చూసుకో, గొంతు వినుకో. ఇంక ఎవరని అడగబాక," అన్నాడు. తర్వాత చల్లగా, "అన్నం తిన్నావా అమ్మాయ్?" అన్నాడు. అప్పుడు టైము పొద్దున పది కూడా కాలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఫోనులో మొదటి మాట అదే. పొద్దున కానీ, సాయంత్రం కానీ, "అన్నం తిన్నావా అమ్మాయ్?" తిన్నానని చెబితే ఏం కూర అని అడుగుతాడు. తినలేదంటే ఎందుకు తినలేదో చెప్పాలి. రెండో లైను మోగుతుంటుంది, డ్రైవరు వచ్చి నిలబడి ఉంటాడు, ఈయనకు మా ఇంటి కూర కావాలి. అదంతా అయ్యాక గాని ఐసు మాట ఎత్తడు. నేను పళ్ళు నూరుకుంటూ, "వంకాయ పెదనాయనా, ఐసు ఎంత కావాలో చెప్పండి," అనేదాన్ని. క్రిస్మస్‌కు మా ఇంట్లో చేసిన కజ్జికాయలు ఆయనకు ఒక పొట్లం పక్కన పెట్టేదాన్ని, అది వేరే సంగతి.

నేను మా యజమానిని అడిగింది చాలా చిన్న కోరిక. నంబరు కనిపించే ఫోను ఒకటి కొనిపెట్టమన్నాను. మా ల్యాండ్‌లైను నంబరు ఆయన తండ్రి కాలంలో ఫ్యాక్టరీ గోడ మీద, బండ్ల మీద రాయించింది. ఈ చుట్టుపక్కల అందరికీ నోటికి వచ్చిన నంబరు అదే. దాన్ని మార్చలేం కాబట్టి కిటికీ ఉన్న ఫోను పెడితే నంబరు చూసి నేనే పోల్చుకుంటానని చెప్పాను. యజమాని నాకంటే వయసులో చిన్నవాడు, నన్ను అక్కా అనే పిలుస్తాడు. సరే అక్కా అన్నాడు. ఆ సరే మీద ఏడాది గడిచింది.

తర్వాత ఆయన ఏదో పని మీద తడ దగ్గరున్న పెద్ద కంపెనీల్లో ఒకదానికి వెళ్ళొచ్చాడు. వచ్చిన మనిషికి కాలు నేల మీద నిలవలేదు.

"అక్కా, ఆడ ఫోను మోగతానే కంప్యూటర్లో ఆ మనిషి పేరు, ఊరు, ఇంతకుముందు ఏం కొన్నాడు, అంతా వచ్చేస్తా ఉండాది. ఫోను ఎత్తేలోపల మన కాడ జాతకం ఉంటాది. మనం గూడా పెట్టిచ్చేద్దాం."

"సార్, నాకు కిటికీ ఉన్న ఫోను చాలు సార్."

"ఎప్పుడూ చిన్నగానే ఆలోచిస్తావేంది అక్కా?"

అలా మా ఆఫీసు ఫోన్లను కంప్యూటర్లకు తగిలించే కార్యక్రమం మొదలైంది. నెల్లూరు నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. గోడకు ఒక డబ్బా బిగించాడు. ల్యాండ్‌లైను ఆ డబ్బాలోకి వెళ్తుంది, డబ్బాలోంచి ఒక వైరు కంప్యూటర్‌కు వెళ్తుంది, ఫోను మోగగానే నంబరు కంప్యూటర్‌కు అంది, అది పేరు వెతికి చూపిస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట నంబరే రాలేదు. లైనుకు ఆ సౌకర్యం లేదట, టెలిఫోను ఆఫీసులో అర్జీ పెట్టాలట. పెట్టాం. తర్వాత నంబరు వచ్చింది గాని మూడో రింగుకు వచ్చేది. మావాళ్ళు మూడో రింగు దాకా ఆగే రకం కాదు, రెండు రింగులకు ఎత్తకపోతే ఫ్యాక్టరీ మూసేశారనుకుంటారు. ఆ తర్వాత పేర్లు వచ్చాయి, కానీ తెలుగు అక్షరాల బదులు వరసగా చిన్న చిన్న డబ్బాలు కనబడ్డాయి. ఫోను మోగుతుంది, స్క్రీన్ మీద ఆరు డబ్బాలు, పక్కన గారు. అదీ బాగుచేశాక ఉప్పుగాలికి వైరు కొస తుప్పు పట్టి మొత్తం ఆగిపోయింది. టెక్నీషియన్‌కు ఫోను చేస్తే, "మేడం, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి," అంటాడు. వారానికోసారి నేను ఆ డబ్బా ముందు నిలబడి ఆఫ్ చేసి ఆన్ చేస్తూ, నా బతుకు ఇట్లా అయిందేమిటని అనుకునేదాన్ని.

ఇక పేర్లు ఎక్కించడం ఇంకో భాగవతం. ఆఫీసు మొబైల్లో ఉన్న నంబర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి పోసేశాడు టెక్నీషియన్. ఆ మొబైల్లో పేర్లు పెట్టింది మా డ్రైవర్లు. వాళ్ళకు రైతుల పేర్లు ఎక్కడ తెలుసు? గుర్తు కోసం ఏది తోస్తే అది పెట్టుకున్నారు. బోరు పక్కన గుంట, మీసాల మామ, కుక్కలున్న ఇల్లు, ఇట్లాంటివి. మా యజమాని ముచ్చటపడి టీవీ అంత స్క్రీన్ తెచ్చి, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా గోడకు పెట్టించాడు. ఒకరోజు ఒక రైతు ఎదురుగా కూర్చుని, "ఏదీ, నా పేరు వస్తాదేమో చూద్దాం," అని తన ఫోను నుంచి సరదాగా మా నంబరుకు చేశాడు. స్క్రీన్ మీద చేతి వెడల్పు అక్షరాలతో నస అన్న అని వచ్చింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. నేను తల పట్టుకున్నాను. ఆ తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక కూడా ఆఫీసుకు వచ్చి కూర్చుని, నస అన్నలను, కుక్కలున్న ఇళ్ళను తీసేసి నిజం పేర్లు ఎక్కించాను.

సిస్టం చూసుకోవడానికని ఒక అమ్మాయిని కొత్తగా పెట్టారు. తడ దగ్గర కంపెనీల్లో పనిచేసి, పెళ్ళయి మా ఊరికి వచ్చిన పిల్ల. మాటలో కొంచెం అరవం కలుస్తుంది, పని మాత్రం శ్రద్ధగా చేస్తుంది. ఆమెకు మా యజమాని ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే. ఫోను ఎత్తగానే స్క్రీన్ మీద ఉన్న పేరు చదివి, గారూ అని తగిలించి పలకరించాలి. ఎవరని అడగకూడదు. అడిగితే రైతులు బాధపడతారు. ఆర్డరు చెప్పాక ఒక బటను నొక్కితే, ఆ పేరు మీద ఎక్కించిన గుంటకు దారి డ్రైవరు ఫోనుకు వెళ్ళిపోతుంది. ఇక ఎవరూ ఎవరికీ దారి చెప్పక్కర్లేదు.

నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు హాయిగానే ఉంది. నేనే అని మొదలుపెట్టిన మనిషి, తన పేరుతో గారూ అని వినగానే మెత్తబడిపోయేవాడు. నా గొంతు పోవడం తగ్గింది. పర్వాలేదు, మా యజమాని ఆలోచనలో కూడా పస ఉందనుకున్నాను.

నాకున్న భయం ఒకటే, అది తూము భయం. ఉప్పు కాలవ మీద తూము ఉన్నచోట తప్ప ఆ గుంటల మధ్య ఎక్కడా సిగ్నల్ రాదు. అక్కడ కూడా ఒక కంపెనీ సిమ్‌కే వస్తుంది. ఆ సిమ్ ఉన్న ఫోను తూము దగ్గరుండే కాపలా మనిషిది. ఆయన పనిచేసేది కాలవకు ఆ చివర పెద్ద గుంటలున్న ఒక ఆసామి దగ్గర. ఆ తట్టు రైతులందరూ తొందర పని పడితే తూము కాడికి వచ్చి ఆ కాపలా మనిషి ఫోను తీసుకునే మాట్లాడతారు. అడిగి తీసుకోవడం కూడా ఉండదు, గూట్లో పెట్టి ఉంటుంది, తీసి చేస్తారు. మా కంప్యూటర్లో మాత్రం ఆ నంబరు పెద్ద గుంటల ఆసామి పేరు మీద ఉంది.

ఈ సంగతి యజమానికి చెప్పాను.

"అదొక్క నంబరే గదక్కా. ఒకదాని కోసం సిస్టం మార్చేస్తామా?" అన్నాడు.

సరే, నేనే టెక్నీషియన్‌తో తేల్చుకుందామని, ఆ నంబరు నుంచి ఫోను వస్తే పేరు బదులు, ఎవరో అడగాలి అని చూపించమని అడిగాను. కుదరదన్నాడు. ఒక నంబరుకు ఒక మనిషే ఉండాలట, ఒక గుంటే ఉండాలట. తూము కాడికి వచ్చి చూడమన్నాను. నవ్వాడు.

ఈలోపల పెద్దాయన పట్టుబడి దగ్గర పడింది. అంతకుముందు రెండు పంటలు ఆయనకు తెల్లమచ్చ రోగం వచ్చి పోయాయి. ఈ పంట ఒక్కటే పూర్తిగా సైజుకు వచ్చింది. ఫోను చేసినప్పుడల్లా అన్నం, కూర అయ్యాక ఇదే మాట. "ఈసారి తేలాల అమ్మాయ్. తేలకపోతే మావాడు గుంటలు ఇంకొకరికి ఇచ్చేద్దామంటన్నాడు. ఇచ్చేస్తే నేను పొద్దున లేచి యాడికి పోవాల?" ముందు ఒక గుంట, వారం తర్వాత రెండోది పట్టేలా కొనే కంపెనీతో మాట్లాడుకున్నాడు. మొదటి గుంటకు ముందురోజే మా ఆఫీసుకు వచ్చి ఐసు ఎంత కావాలో చెప్పి, "రేపు వల దించినాక ఫోను చేస్తా, బండి పంపీ," అన్నాడు. వెళ్ళేముందు గోడ మీద స్క్రీన్ వైపు చూసి, "ఇదేందమ్మా, దీనికి గూడా అన్నం పెడతన్నారా?" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున నుంచి ఆయన ఫోను కోసం చూస్తున్నాను. ఎండలు ముదిరిన రోజులు. ఎనిమిదింటికే ఆఫీసు రేకులు టపటపమంటున్నాయి. అదే సమయానికి నేను మొబైల్లో టెక్నీషియన్‌తో తగువులో ఉన్నాను. మళ్ళీ ఆ తూము నంబరు సంగతే. ఆయన కుదరదంటాడు, నేను కుదర్చమంటాను. నా వెనకాల ల్యాండ్‌లైను మోగింది. కొత్తమ్మాయి ఎత్తి, పెద్ద గుంటల ఆసామి పేరు చదివి, గారూ అని తగిలించి, "చెప్పండి సార్," అన్నది. విని, సరే సార్ అని బటను నొక్కింది. ఆ ఆసామికి వారంలో రెండు మూడు పట్టుబడులు ఉంటాయి. నేను తల కూడా తిప్పలేదు. బండి బయలుదేరిన చప్పుడు వింటూనే, ఇంకా పెద్దాయన ఫోను రాలేదేమిటా అనుకున్నాను.

చాలాసేపటికి డ్రైవరు ఆ చివర రోడ్డెక్కి ఫోను చేశాడు. "అక్కా, ఆడ వలా లేదు, మనుషులూ లేరు. గేటు తాళం వేసుండాది."

స్క్రీన్ మీద ఉన్న నంబరుకు చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కాపలా మనిషి ఫోను అక్కడే గూట్లో వదిలేసి టిఫినుకు పోయాడని తర్వాత తెలిసింది. మూడోసారి చేస్తుంటే రెండో లైను మోగింది. స్క్రీన్ మీద పేరు లేదు, ఎవరిదో తెలియని నంబరు. నేనే ఎత్తాను.

"అమ్మాయ్, బండి యాడ?"

అన్నం మాట లేదు. ఆయనెవరో నాకు మొదటి అక్షరానికే తెలిసింది. తన ఫోను ఇంట్లో వదిలి వచ్చాడట, రోడ్డెక్కి ఎవరినో ఆపి వాళ్ళ ఫోను తీసుకుని చేస్తున్నాడు.

"పెదనాయనా, మీరు ఫోను చేయలేదు కదా?"

"చెయ్యకపోవడమేంది? తూము కాడ నుంచి చేసినా గదా. ఎవురో పిల్ల ఎత్తింది. ఇంకెవురి పేరో చెప్పింది. బండి పంపీమ్మా, వల దించినాం అని చెప్పినా. సరే సార్ అనింది."

"వేరే పేరు చెబితే నేను కాదని చెప్పాలి కదా పెదనాయనా!"

"నువ్వు ఆడే ఉంటావు గదా. నిన్ననే వచ్చి చెప్పినా గదా. మళ్ళీ ఆ పిల్లకు నా పేరు చెప్పుకోవాల్నా?"

నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆ అమ్మాయి మీద అరవడానికి ఆమె చెప్పిన పని చెప్పినట్టు చేసింది. డ్రైవరు దారి చూపించిన చోటికే వెళ్ళాడు. పెద్దాయన తనకు తెలిసిన మర్యాద తప్పలేదు. డబ్బా కూడా దానికి చెప్పిన పేరే చూపించింది. అందరూ సరిగ్గానే చేశారు, ఐసు మాత్రం కాలవకు ఆ చివర కరిగిపోతోంది. మొదటి బండిని వెనక్కి తిప్పి, ఫ్యాక్టరీలో ఉన్న రెండో బండిలో ఐసు ఎక్కించుకుని నేనే ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో వచ్చిన ప్రతి గతుకు దగ్గరా డ్రైవర్ని తిట్టాను. పాపం, వాడికేం సంబంధం?

మేం వెళ్ళేసరికి గట్టు మీద ప్లాస్టిక్ క్రేట్లు వరసగా పెట్టి, తడి గోతాలు కప్పి ఉన్నాయి. పెద్దాయన భార్య బిందెతో నీళ్ళు తెచ్చి వాటి మీద చల్లుతోంది. ఆ నీళ్ళు కూడా వేడిగానే ఉన్నాయి. కంపెనీ మనిషి ఒక్కొక్క క్రేటులోంచి రొయ్య తీసి, బొటనవేలితో నొక్కి చూసి, పక్కన పడేస్తున్నాడు. కూలీలు నీడ కోసం బండి పక్కన చేరారు. కొంత సరుకును ఆయన తీసుకోనే లేదు, మిగిలినదానికి ఏ రేటు చెప్పాడో నేను అడగలేదు. పెద్దాయన కొడుకు మొహం చూస్తేనే తెలిసింది.

మా యజమాని కూడా మోటారుసైకిలు మీద వచ్చాడు. "పెద్దాయనా, సిస్టంలో చిన్న పొరపాటు జరిగింది, సరిచేయిస్తాం," అన్నాడు.

పెద్దాయన ఒక తొట్టి బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నీ సిస్టంతో నాకేంది నాయనా? నేను ఈ అమ్మాయికి చెప్పినాననుకున్నా," అన్నాడు.

నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆయన కొడుకు మాత్రం, "ఇంక చాలు నాయనా, రెండో గుంట పట్టేసి ఇచ్చేద్దాం," అన్నాడు. పెద్దాయన లేచి, జారిపోయిన గోతాన్ని మళ్ళీ క్రేటు మీదికి లాగాడు.

ఆ తర్వాత మా ఆఫీసులో పద్ధతి మారిపోయింది. టెక్నీషియన్ వచ్చి సిస్టంలో కొత్త ఖాళీలు పెట్టాడు. ఇప్పుడు ఫోను ఎవరు చేసినా పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ గుంట అనేవి అడిగి, నాలుగూ సరిపోతేగాని బటను కదలదు. స్క్రీన్ మీద పేరున్నా అడగాల్సిందే. కొత్తమ్మాయి రోజంతా అడుగుతూనే ఉంటుంది. రైతులు మొదట విసుక్కున్నారు, కొందరు ఫోను పెట్టేశారు, ఐసు కావాలి కాబట్టి మళ్ళీ చేసి చెప్పారు. ఇప్పుడు అలవాటు పడిపోయారు. నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది ఇదే. ఇంత ఖర్చు, ఇంత తంటా పడి చివరికి మళ్ళీ ఎవరండీ అనే ప్రశ్న దగ్గరికే వచ్చాం. ఈ మాట యజమానితో అంటే, "ఇప్పుడు పక్కాగా ఉండాది గదక్కా," అన్నాడు. 

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాండ్‌లైను మోగింది. స్క్రీన్ మీద పెద్దాయన పేరు వచ్చింది. ఆయన సొంత నంబరే. రోడ్డు దాకా వచ్చి చేస్తున్నట్టున్నాడు. కొత్తమ్మాయి ఎత్తబోతే ఆపి నేను తీసుకున్నాను. రెండో గుంట మాట ఎత్తేముందు ఆయనతో రెండు ముక్కలు మాట్లాడాలని, జరిగినదానికి మనసు బాగాలేదని చెప్పాలని ఆ వారమంతా అనుకుంటున్నాను.

"చెప్పండి పెదనాయనా."

అటువైపు ఏదో బస్సు పోయిన చప్పుడు. తర్వాత ఆయన తన ఇంటిపేరు చెప్పాడు. పేరు చెప్పాడు. ఆగాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు, మండలం చెప్పాడు. "తూముకు ఉత్తరం తట్టు రెండో గుంట," అన్నాడు. రాసుకునేవాళ్ళకు వీలుగా మధ్య మధ్యలో ఆగుతూ, అరవకుండా, విసుక్కోకుండా చెప్పాడు.

"పెదనాయనా, నేనే. మీ గొంతు నాకు తెలియదా?"

"తెలిసినా రాసుకోండి మేడం. రేపు పొద్దున పట్టుబడి. బండి నా గుంట కాడికే రావాల."

ఆయన నన్ను మేడం అనడం అదే మొదలు. నేను ఆర్డర్ల పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"మళ్ళీ ఒకసారి చదవండి మేడం."

చదివాను. ఇంటిపేరు దగ్గర నుంచి గుంట దాకా అన్నీ చదివాను. ఎదురుగా గోడ మీద స్క్రీన్‌లో కూడా అవే ఉన్నాయి, ఒక్క అక్షరం తప్పు లేదు. విని, సరే అని ఆయన ఫోను పెట్టేశాడు.

మర్నాడు బండి చెప్పిన టైముకు సరిగ్గా ఆయన గుంట దగ్గరికే వెళ్ళింది. రొయ్య రాయిలా ఉందని డ్రైవరు చెప్పాడు. గుంటలు ఇచ్చేస్తారో ఉంచుకుంటారో వాడికి తెలియదు, నాకు అడిగే మొహం లేదు. ఆ ఫోను వచ్చిన రోజు మాత్రం నా క్యారియరు మూత తీయకుండా సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళిపోయాను. అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు.